ఫిర్యాదుతో వచ్చినవాళ్లు

నాట్యం రానివాళ్లకి నాట్య సంఘం కమిటీలో ఏం పని అని నన్ను చాలామంది అడిగారు. అందరికంటే ముందు మా ఆయన అడిగాడు. పెళ్లి బారాత్‌లో మోకాళ్ల నొప్పులున్న మామ్మలు కూడా బ్యాండు ముందు నాలుగడుగులు వేస్తుంటే, అందరి హ్యాండుబ్యాగులూ పట్టుకుని పక్కన నిలబడే మనిషిని నేను. అలాంటిదాన్ని చిక్కడపల్లిలో ఒక చిన్న నాట్య సంఘానికి కార్యవర్గ సభ్యురాలినంటే ఎవరికైనా నవ్వొస్తుంది. నాకూ వచ్చింది. తీరా చేరాక తెలిసిందేమంటే, మా కమిటీలో నాట్యం వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు.

అది నాకు వింతగా తోచింది. నేను నారాయణగూడలో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెప్తాను. ఏ ప్రాణి కనబడినా ఇది ఇక్కడెందుకుంది, ఏం తిని బతుకుతోంది అని ఆరా తీయడం నాకు వృత్తితో వచ్చిన జబ్బు. కమిటీ సభ్యులని కూడా ఆ కళ్లతోనే చూశాను. వాళ్లకి తెలిస్తే ఏమనుకుంటారో గానీ, మొదట్లో నేను మీటింగులకి వెళ్లింది సేవ చేయడానికి కాదు, వాళ్లని గమనించడానికి.

ముందు నేనెలా చేరానో చెప్పాలి. మా అపార్టుమెంటు పక్కన ఒక పాత మేడ ఉంది. కింద ఒక కుటుంబం, పైన పొడుగాటి హాలు, హాలు వెనక ఒక గది. ఆ గదిలో టీచర్ గారు ఒక్కరే ఉంటారు. హాల్లో సాయంత్రాలు పిల్లలకి కూచిపూడి నేర్పుతారు. పాలమూరు నుంచి మేస్త్రీ పనికి వచ్చినవాళ్ల పిల్లలూ, హైదర్‌గూడ డాక్టర్ల పిల్లలూ అక్కడ ఒకే వరసలో నిలబడతారు. అదంతా నాకు అప్పట్లో తెలియదు. నాకు తెలిసిందల్లా క్లాసు వదిలే వేళకి తల్లిదండ్రుల స్కూటీలన్నీ మా గేటుకి అడ్డంగా నిలబడతాయని. ఒకరోజు కూరగాయల సంచులతో ఆటో దిగి, ఆ స్కూటీల మధ్య నుంచి దారి చేసుకుంటుంటే చీర కొంగు ఒక హ్యాండిల్‌కి తగులుకుని చిరిగింది. ఇక ఒళ్లు మండిపోయింది. సంచులు అక్కడే పడేసి మెట్లెక్కి పైకి పోయాను.

"ఏమండీ, ఇది రోడ్డనుకున్నారా, మీ ఇంటి వాకిలనుకున్నారా?" అని మొదలుపెట్టి, నోటికి వచ్చిందంతా అనేశాను. టీచర్ గారు అరవై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటారు. నేలకూ బోసిపాదాలకూ మధ్య ఏదో ఒప్పందం ఉన్నట్టు నిలబడతారు. చేతిలో కర్ర ఉంది. దానితో ఎదురుగా ఉన్న చెక్క దిమ్మె మీద కొడుతూ పిల్లలకి తాళం చెప్తారు. ఆ కర్ర పక్కన పెట్టి, నేను అన్నదంతా చివరిదాకా విన్నారు.

"కరెక్టే అమ్మా. మీరు చెప్పిందాంట్ల ఒక్క తప్పు లేదు," అన్నారు. "ఆదివారం పొద్దుగాల మా కమిటీ మీటింగ్ ఉన్నది. ఇదే మాట ఈడికొచ్చి చెప్పుండ్రి. జర గట్టిగనే చెప్పుండ్రి."

ఆదివారం నేను పూర్తి తయారీతో వెళ్లాను. నలుగురైదుగురికి సరిపడా ప్లాస్టిక్ కుర్చీలు, ఫ్లాస్కులో చాయ్, స్టీలు ప్లేటులో ఉస్మానియా బిస్కట్లు. నా ఉపన్యాసం అయ్యాక ఒక్కరూ ఎదురు చెప్పలేదు. అందరూ ఏదో తెలిసిన కథ మళ్లీ వింటున్నట్టు ముసిముసిగా నవ్వుకున్నారు. టీచర్ గారు మాత్రం నవ్వకుండా, "మరి దీనికి ఏం చేద్దామంటరు?" అని అడిగారు. బళ్లన్నీ అవతలి గోడ వైపు ఒక వరసలో పెట్టిస్తే గొడవే ఉండదన్నాను. "మంచిగున్నది. మరి జర మీరే చూస్కోండ్రి," అన్నారు. ఎవరో నా చేతికి చాయ్ ఇచ్చారు. ఆ చాయ్ తాగడమే నేను చేసిన పొరపాటు. మరుసటి వారం నుంచి నేను మా గేటు ముందు నిలబడి, చేతులు ఊపుతూ స్కూటీలని గోడ వైపు తోలుతున్నాను. మా ఆయన బాల్కనీలోంచి చూసి, "రోట్లో తల పెట్టావు, ఇక రోకటి పోటుకి భయపడకు," అని దీవించాడు.

చేరిన కొత్తలో, మీరెలా వచ్చారు అని ఒక్కొక్కరినీ అడగడం మొదలుపెట్టాను.

మా ప్రెసిడెంటు గారు ఆ మేడ కింది వాటాలో ఉండేవారే. ఆర్టీసీలో చేసి రిటైరయ్యారు. గడియారం చూసి అన్నం తినే మనిషి. టీచర్ గారు పైకి అద్దెకి వచ్చిన కొత్తలో, ఆయన భోజనానికి కూర్చున్నప్పుడు పైన పిల్లలంతా ఒక్కసారి కాలు తాటించారు. పైకప్పు సున్నం ఊడి వచ్చి సరిగ్గా ఆయన పప్పులో పడింది. ఆ కంచం పట్టుకునే మెట్లెక్కారట. ఎంగిలి చెయ్యి కడుక్కోవడం కూడా మరిచిపోయి, "ఇదేంది, ఇదేంది" అని కంచం చూపించారట. టీచర్ గారు తప్పు ఒప్పుకుని, ఆయనకి వేరే కంచంలో అన్నం పెట్టి, ఆదివారం మీటింగుకి రమ్మన్నారు.

సెక్రటరీ అశోక్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్ నడిపే ఆవిడ. వయసులో నాకంటే చిన్నదైనా అందరూ అక్క అనే అంటారు, నేనూ అంతే. ఊళ్ల నుంచి గ్రూపు పరీక్షలకి చదువుకోవడానికి వచ్చిన అమ్మాయిలు ఆవిడ దగ్గరుంటారు. వాళ్లలో కొందరు స్టడీ హాలుకని చెప్పి ఇక్కడికొచ్చి కిటికీ దగ్గర నిలబడి నాట్యం చూస్తున్నారని తెలిసి, అక్క కొంగు దోపుకుని వచ్చింది. "మా ఆడపిల్లలను చెడగొడుతున్నవ్, వాళ్ల అమ్మానాయినలకు నేనేం జవాబు చెప్పాలె?" అని గొంతు చించుకుంది. ఆవిడకీ చాయ్ దొరికింది. ఇప్పుడు ఆ అమ్మాయిలకే పొద్దున పూట ఒక క్లాసు ఉంది. దాన్ని నడిపించే బాధ్యత అక్కదే.

మూడో ఆయన బర్కత్‌పుర వకీలు. వాళ్లమ్మాయిని బృంద నాట్యంలో వెనక వరసలో నిలబెట్టారని లీగల్ నోటీసు భాషలో కొట్లాడిన మనిషి. ఆ అమ్మాయి నాట్యం ఎప్పుడో మానేసింది. నాన్న మాత్రం ఇక్కడే ఉండిపోయాడు. ఎవరు ఏ వరసలో నిలబడాలో పిల్లల పొడుగుని బట్టి నిర్ణయించే పని ఆయనకి అప్పజెప్పారు. అది మొదలైనప్పటి నుంచి తల్లులందరూ ఆయన్నే తిడతారు.

కొత్త జాతి పురుగుని కనుక్కున్నంత సంబరపడ్డాను నేను. కమిటీ అంటే దాతలో, కళాభిమానులో, రాజకీయాల్లో ఓడిపోయినవాళ్లో ఉంటారనుకున్నాను. ఇక్కడ కొట్లాటకి వచ్చినవాళ్లు తప్ప ఇంకెవరూ లేరు. ఇది కాకతాళీయమా, కావాలని చేసిందా అని టీచర్ గారినే అడిగాను.

ఆవిడ గజ్జెలకి తోలు పట్టీలు బిగిస్తూ, "సొసైటీ రిజిస్టర్ చేయాలంటె కమిటీ ఉండాలన్నరు," అని చెప్పారు. "మెచ్చుకున్నోళ్ల దిక్కు చూసిన. పొగిడేటోళ్లు చాయ్ తాగి పోతరమ్మా. తిట్టేటోళ్లు మళ్ల వస్తరు. మళ్ల వచ్చేటోళ్లే కదా నాకు కావాల్సింది."

ఆ మాట విన్న రోజున నేను ఇంటికెళ్లి మా ఆయనకి చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, ఆవిడ రాజకీయాల్లోకి వెళ్లాల్సిందన్నాడు.

పద్ధతి మాత్రం బాగా పనిచేసింది. ఎవరి ఫిర్యాదు వాళ్లకే ఉద్యోగం. ప్రెసిడెంటు గారు హాలంతా మందపాటి చాపలు పరిపించి, తన భోజనం వేళకి క్లాసు లేకుండా టైంటేబుల్ వేశారు. మీటింగు మొదలవగానే టీచర్ గారు "ఎవరికేం తకరారున్నది, చెప్పుండ్రి" అని అడగడం ఆనవాయితీ. మొదట్లో ఫిర్యాదులు చాలా ఉండేవి. తర్వాత్తర్వాత తగ్గాయి. నేను చేరిన రెండో ఏటికి ఆవిడ అడగడం, మేమందరం ఏమీ లేదని తలలూపి బిస్కట్ల మీద పడటం మామూలైపోయింది. ఒకసారి నేను ప్రెసిడెంటు గారిని, "ఇప్పుడు సున్నం రాలట్లేదా సార్?" అని అడిగాను. "ఎందుకు రాలదు, రాలుతది," అన్నారాయన. "పప్పు గిన్నెకు మూత పెట్టుకుంటున్న." ఎంత మంచి మనిషి అనుకున్నాను. ఇందులో ప్రమాదం ఉందని నాకు తట్టలేదు.

వార్షికోత్సవం దగ్గరపడుతున్న రోజుల్లో అక్క నాకు ఫోన్ చేసింది. సాయంత్రం క్లాసు నడుస్తుండగా ప్రెసిడెంటు గారింటికి రమ్మంది. పైకి కాదు, కిందికి. వెళ్లేసరికి వకీలు గారు కూడా అక్కడే ఉన్నారు. టీచర్ గారు లేకుండా కమిటీ కూర్చోవడం అదే మొదటిసారి. దొంగతనానికి వచ్చినవాళ్లలా అందరం గొంతులు తగ్గించి మాట్లాడుకున్నాం.

సంగతేమిటంటే, ఈసారి మా సంఘంలో చిన్నప్పటి నుంచి నేర్చుకున్న ఒక అమ్మాయి మొదటిసారి ఒక్కతే స్టేజీ మీద పూర్తి ప్రదర్శన ఇవ్వబోతోంది. తాపీ మేస్త్రీ కూతురు. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. అలాంటి ప్రదర్శనకి పక్కన కూర్చుని తాళాలు పట్టుకుని నట్టువాంగం చేసేది ఎప్పుడూ టీచర్ గారే. పాటా, మృదంగమూ, నాట్యం చేసే పిల్ల పాదమూ అన్నీ ఆ తాళాన్ని నమ్ముకునే నడవాలి. ఆ అమ్మాయి హాస్టల్‌కి వచ్చి అక్క దగ్గర ఏడ్చిందట. "అక్కా, టీచర్ తాళం ఎనకబడుతున్నది. నేను పాట వినాల్నా, టీచర్‌ను చూడాల్నా తెలుస్తలేదు. స్టేజీ మీద ఆగిపోతనేమో. మీరెవరన్న చెప్పుండ్రి, నాతోటి కాదు," అందట.

"పిల్లకి భయమేమో," అన్నాను నేను.

ప్రెసిడెంటు గారు చూపుడు వేలు పైకెత్తి పైకప్పు చూపించారు. "జర వినుండ్రి," అన్నారు.

విన్నాం. పైన పాట వస్తోంది. పిల్లల పాదాలు పడుతున్నాయి. నాకు ముందు ఏమీ తెలియలేదు. ఆయన కళ్లు మూసుకుని, ఒక్కో దెబ్బకీ వేలు మంచం పట్టె మీద ఆనిస్తూ చూపించాక తెలిసింది. ఒక్క చప్పుడుగా పడాల్సిన అడుగులు రెండుగా పడుతున్నాయి. పెద్ద పిల్లలు పాటని విని కాలు వేస్తున్నారు. చిన్న పిల్లలు టీచర్ గారి కర్రని నమ్ముకుని వేస్తున్నారు. కర్ర పాట వెనక పడుతోంది.

"ఆమెకు పాట సరిగ్గ వినబడ్తలేదు," అన్నారాయన. "ఇంతకుముందు ఇట్ల లేకపోతుండె. ఇంతమంది పోరలు దుంకినా పైన ఒక్కటే కాలు పడ్డట్టుండె."

నాట్యం ముక్క తెలియదనుకున్న మనిషి ఇన్నేళ్లూ కింద పడుకుని నాట్యం నేర్చుకున్నాడని నాకప్పుడు అర్థమైంది. ఒక్క అడుగైనా చూసి కాదు, విని. నాకు ఆయన్ని తినేసేలా ప్రశ్నలు అడగాలనిపించింది. కానీ సమయం అది కాదు. ఒక్కొక్కరం మాకు తెలిసిన ముక్క బయట పెట్టాం. ఈమధ్య స్పీకరు చప్పుడు మా వంటింటి దాకా వస్తోందని నేను గమనించాను, పండగ హుషారు అనుకున్నాను. ఫోన్‌లో ఆవిడ ప్రతి మాటా రెండుసార్లు అడుగుతోందని అక్కకి తెలుసు, సిగ్నల్ లేదనుకుంది. తాను ఏమన్నా ఆవిడ వాదించకుండా తలూపేస్తోందని వకీలు గారు సంతోషిస్తున్నారు. వీధి చివర మెట్రో రైలు పోతున్నప్పుడు తప్ప ఎప్పుడూ గొంతు పెంచని మనిషి ఇప్పుడు అరిచి మాట్లాడుతోందని అందరికీ తెలుసు. స్కూటీలు అడ్డమని, సున్నం రాలిందని, వరస మారిందని గొంతులు చించుకున్న నలుగురం ఈ ఒక్క ఫిర్యాదు మాత్రం మింగేసి కూర్చున్నాం.

ఇప్పుడు చెప్పేదెవరు? నువ్వంటే నువ్వని చాలాసేపు జరిగింది. "మేడం చదువుకున్నది, మేడం చెప్తె మంచిగుంటది," అంది అక్క. చదువుకున్నవాళ్లకి చెవి గురించి ఏం తెలుసు అని నేను తప్పించుకున్నాను. తాళాలు ఆవిడ ఎవరి చేతికీ ఇచ్చింది లేదు. పెళ్లి, పిల్లలు, నగలు ఏవీ అక్కర్లేదనుకున్న మనిషికి ఆ రెండు ఇత్తడి తాళాలే ఇల్లూ వాకిలీ. అవి పక్కన పెట్టమని ఎవరు చెప్పగలరు? చెప్పకపోతే ఆ పిల్ల, నిండు సభలో, గజ్జెలు కట్టుకుని, ఏ వైపు పోవాలో తెలియక ఆగిపోతుంది. ఆ తప్పు ఎవరిదో జనం అక్కడికక్కడే కనిపెట్టేస్తారు.

చివరికి వకీలు గారికి తెలివి వెలిగింది. "సన్మానం చేసేద్దాం," అన్నారు. "సన్మానం చేయించుకునేవాళ్లు సింహాసనంలాంటి కుర్చీలో కూర్చోవాలి కదా. శాలువా కప్పుకుని, దండ వేసుకుని తాళం ఎలా కొడతారు? తాళాలు ఆరోజుకి ఎవరికైనా ఇవ్వక తప్పదు. ఆవిడకి అవమానమూ ఉండదు, అబద్ధమూ ఉండదు."

ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు మేమంతా ఆయన్ని బృహస్పతి అన్నాం. ఊళ్లో ఏ సంఘమైనా ఎవరినైనా మర్యాదగా పక్కన కూర్చోబెట్టాలంటే చేసే పనే అది. శాలువా రంగు కూడా అప్పుడే నిర్ణయమైపోయింది. సుల్తాన్ బజార్‌లో తెలిసిన కొట్టు ఉందని అక్క అంది.

ఆదివారం మీటింగు. "ఎవరికేం తకరారున్నది?" అని టీచర్ గారు ఎప్పటిలా అడిగారు. మేము తలలు అడ్డంగా ఊపాం. వకీలు గారు గొంతు సవరించుకుని, కళాసేవ, తపస్సు, సమాజం రుణపడి ఉండటం అని ఒక్కో మాటా వదులుతూ సన్మానం సంగతి చెప్పారు. టీచర్ గారు ఆయన పెదాల వైపే చూస్తున్నారు. ఆయన మీద గౌరవం కొద్దీ అలా చూస్తున్నారని నేను మునుపు అనుకునేదాన్ని.

"సన్మానమెందుకు?" అన్నారావిడ. "నేనేమన్న రిటైరైతున్ననా?"

అక్క బిస్కట్లు లెక్కపెడుతున్నట్టు ప్లేటులోకి చూసింది. నేను కిటికీలోంచి మా అపార్టుమెంటు నీళ్ల ట్యాంకు మొదటిసారి చూస్తున్నట్టు చూశాను.

"ఏమైంది? అందరు గట్ల కూసున్నరేంది? నాకేమన్న రోగమొచ్చిందా, నాకు తెల్వకుంట?"

అప్పుడు ప్రెసిడెంటు గారు లేచి నిలబడ్డారు. ఆవిడకి వినబడేలా, కాస్త దగ్గరికి వెళ్లి, బడి పిల్లవాడిలా చేతులు కట్టుకుని చెప్పారు. "టీచరమ్మా, నాకొక తకరారున్నది. మీ తాళం పాటెనక పోతున్నది. పోరలకు రెండు కాళ్లు పడుతున్నయి. మీకు పాట వినబడ్తలేదు."

ఆవిడ మొహంలో ముందు కోపం వచ్చింది. ఆ కోపం చూసి నాకు నిజంగా భయమేసింది. తర్వాత అది ఎటు పోయిందో తెలియదు, మొహం ఖాళీ అయిపోయింది. ఒళ్లో చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"ఎప్పటిసంది?" అన్నారు.

"దసరా ముంగటి నుంచి."

"దసరా ముంగటి నుంచా!" ఆవిడ గొంతు పెరిగింది. "పప్పుల జరంత సున్నం పడితె కంచం పట్టుకొని ఉరికొచ్చిన మనిషివి. ఎంగిలి చెయ్యి కడుక్కోలేదు నువ్వు. నా తాళం పోతుంటె ఇన్ని నెలలు కిందికెల్లి వినుకుంట కూసున్నవా? అప్పుడొచ్చినట్టు ఎందుకు రాలేదు?"

ఆవిడ ఆయన్ని నువ్వు అనడం మేమెవరం అంతకుముందు వినలేదు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అప్పుడు మీరెవరో నాకు తెల్వదు గదమ్మా," అన్నారు.

మా నలుగురి సంగతీ ఆ ఒక్క మాటలో ఉంది. కొత్తవాళ్లని కడిగేయడానికి మాకు అడ్డు లేదు. మనవాళ్లు అయ్యేసరికి మూతలు పెట్టుకున్నాం.

టీచర్ గారు కుర్చీ వెనక్కి జరిపారు. లేచి లోపలి గదిలోకి వెళ్లారు. ఏడుస్తున్నారేమో, వెళ్లాలా వద్దా అని మేము గుసగుసలాడుకుంటుండగానే తిరిగి వచ్చారు. చేతిలో తాళాల సంచి ఉంది. దాన్ని కుర్చీ మీద పెట్టారు. ఫలానా శిష్యురాలు ఇప్పుడు సొంతంగా క్లాసులు చెప్తోంది కదా, ఆ అమ్మాయిని పిలిపించండి, రేపటి నుంచే పిల్లతో కూర్చుని సాధన చేయాలి అన్నారు. గొంతు మామూలుగానే ఉంది. ఆ తర్వాత మా వైపు తిరిగారు.

"ఇంగ మీ సంగతి. మీరు నలుగురు నాకు కమిటీకి పనికిరారు. నేను తకరారు చేసేటోళ్లను పెట్టుకున్న. మీరు నా మనుషులైపోయినరు. రాజీనామాలు రాయుండ్రి, ఆదివారం దాంక ఎందుకు, ఇప్పుడే రాయుండ్రి."

వకీలు గారు బిక్కమొహం వేసి, రూలు ప్రకారం సర్వసభ్య సమావేశం దాకా కమిటీ కొనసాగాలి అన్నారు. ఆయన ఆవిడతో వాదించడం చాలా రోజుల తర్వాత అదే మొదటిసారి.

"అయితె అప్పటిదాంక నోళ్లు తెరువుండ్రి," అన్నారావిడ.

ఆ వారమే అక్క ఆవిడని చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. మెషీను పెట్టారు. దానికి అలవాటు పడటానికి టైం పడుతుందట. మొదటిరోజు ఆవిడ మెట్ల మీద నిలబడి, కింద వీధిలో ఉల్లిగడ్డల బండివాడి మైకూ, స్కూటీ హారన్లూ, పక్కింటి కుక్కరూ అన్నీ ఒకేసారి మీద పడుతున్నాయని చెవులు మూసుకున్నారు. పాటలో మృదంగం ఎక్కడుందో, గొంతు ఎక్కడుందో విడదీయలేకపోతున్నానన్నారు. ఈసారికి తాళాలు ఆవిడ చేతిలో ఉండవని అప్పుడే తేలిపోయింది. ముందు ముందు ఏమవుతుందో డాక్టరూ చెప్పలేదు. సన్మానం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

వార్షికోత్సవం రోజున ఆవిడ స్టేజీ పక్కన కాదు, మాతో పాటు కుర్చీలో కూర్చున్నారు. తన శిష్యుల నాట్యాన్ని సభలో ఎదురుగా కూర్చుని చూడటం ఆవిడకి అదే మొదటిసారి. నేను ఒక పక్క, ప్రెసిడెంటు గారు ఇంకో పక్క. తెర లేచింది. మేస్త్రీ గారమ్మాయి దండం పెట్టి మొదలుపెట్టింది. ఆ పిల్ల ఎంత బాగా చేసిందో చెప్పడానికి నాకు భాష లేదు. వెనక వరసలో పాలమూరు ఆడవాళ్లు పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని నోళ్లు తెరిచి చూస్తున్నారు. వాళ్లలో ఆ పిల్ల తల్లి ఎవరో నేను వెతకాలనుకున్నాను గానీ స్టేజీ మీద నుంచి చూపు తిప్పలేకపోయాను.

టీచర్ గారు మాత్రం పిల్ల పాదాలనే చూస్తున్నారు. చెవి మెషీను చేత్తో సర్దుకుంటున్నారు. కాసేపటికి ప్రెసిడెంటు గారి వైపు వంగి, "కరెక్టేనా?" అన్నారు. ఆయన కళ్లు మూసుకుని వింటున్నారు, తన ఇంట్లో మంచం మీద ఉన్నట్టే. "కరెక్టే," అన్నారు. ఆవిడ స్టేజీ వైపు తిరిగారు. మళ్లీ కాసేపటికి ఆయన వైపు వంగారు. మళ్లీ కరెక్టే అన్నారాయన. అలా అడుగుతూనే ఉన్నారు. ఆయన ప్రతిసారీ అదే మాట. ఆవిడకి ఆ మాట మీద నమ్మకం కలగట్లేదని మొహంలో నాకు కనిపిస్తోంది. మళ్లీ మూత పెట్టేస్తున్నాడని అనుకుంటున్నారు. నాకూ అదే అనుమానం. ఒకసారి దాచిన మనిషి ఇప్పుడు బాగుందంటే మాత్రం నమ్మేదెలా?

చివరి అంశం అయిపోయింది. చప్పట్లు. ఆ పిల్ల స్టేజీ మీద నుంచి మా వైపే చూస్తోంది. టీచర్ గారు చప్పట్లు కొట్టకుండా మళ్లీ ఆయన వైపు తిరిగారు.

"ఇప్పుడు చెప్పు. అంత మంచిగనే ఉండెనా?"

ప్రెసిడెంటు గారు కళ్లు తెరిచారు. ఒకసారి నా వైపు చూశారు, చెప్పమంటావా అన్నట్టు. తర్వాత ఆవిడ మెషీనున్న చెవి వైపు వంగారు.

"నడుమల ఒక్క జతి కాడ పిల్ల తొందరపడ్డది. కాలు ముందే పడ్డది. మీ శిష్యురాలు తాళాన్ని జర గుంజి కలుపుకున్నది. మీరుంటె అట్ల గుంజకపోతుంటిరి," అన్నారు.

ఆవిడ ఆయన చెయ్యి పట్టుకున్నారు. అంతమంది మధ్య, అందరూ చూస్తుండగా పట్టుకున్నారు. "ఏ జతి కాడ?" అని అడిగారు. ఆయన చెప్పడం మొదలుపెట్టారు, ఆవిడ కళ్లు తుడుచుకుంటూ వింటున్నారు.